మా టీముకు ట్రాన్స్‌ఫర్ అయింది

మా పెద్దమ్మ కొడుకు ఒహాయోలో ఉంటాడు. ఇరవై ఏళ్ళుగా క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ అభిమాని. దాన్ని ఫుట్‌బాల్ అంటారు గానీ ఎక్కువగా చేత్తోనే ఆడతారు, ఆ గొడవ మనకొద్దు. ఫోన్ చేసినప్పుడల్లా మోకాలి నొప్పి ఐదు నిమిషాలు, పిల్లల చదువులు ఐదు నిమిషాలు, మిగతా అరగంటా బ్రౌన్స్ ఎలా ఓడిందో చెప్తాడు. 2017లో పదహారు ఆటలాడి పదహారూ ఓడిపోయారు. సీజన్ ముగిశాక, 2018 జనవరిలో, గడ్డకట్టే చలిలో వేలమంది అభిమానులు స్టేడియం చుట్టూ ఊరేగారు. చుట్టూ తిరిగితే సున్నా ఆకారం వస్తుందని ఆ దారి పెట్టుకున్నారు. మా అన్నయ్య రెండు స్వెట్టర్లేసుకుని వెళ్ళి ఆ సున్నాలో ఒక చుక్కయ్యాడు. "అవమానమంటే అదీరా తమ్ముడూ" అంటున్నప్పుడు ఆయన గొంతులో, కూతురి పెళ్ళికి ఎంత ఖర్చయిందో చెప్పే తండ్రి ధీమా ఉంటుంది.

నేనేం తక్కువ తిన్లేదు. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ అభిమానిని.

"హైదరాబాద్‌లో ఫుట్‌బాలా?" అని మీరు నవ్వే లోపే తాతలు తాగిన నేతి సంగతి చెప్పేస్తాను, కాసేపు నా మూతి వాసన చూడండి. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు మన సిటీ పోలీసులదే. వాళ్ళ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, బడిపంతులు. భారత జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా నడిపిందీ ఆయనే, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిందీ ఆయనే. ఆ బంగారు జట్టులో మన అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. మరుసటేడాదే రహీం సాబ్ పోయారు. 2024లో 'మైదాన్' సినిమాలో అజయ్ దేవగణ్ ఆయన వేషం కట్టేదాకా, అంత మనిషి మన ఊరివాడని మా వీధిలో ఎవరికీ తెలీదు. తెలిశాక కూడా "హిందీ సినిమాయే కదా, ఓటీటీలో చూద్దాంలే" అన్నారు.

ఆ తర్వాతి దశాబ్దాలు ఇక్కడ వదిలేద్దాం. ఊరు కూడా అదే పని చేసింది.

2019లో హైదరాబాద్‌కు ఇండియన్ సూపర్ లీగ్ టీము వచ్చింది. వచ్చిందే గానీ ఇక్కడ పుట్టింది కాదు. పుణెలో ఒక క్లబ్బు మూతపడితే ఆ చోటు మనకు దక్కింది. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వదిలేసిన సోఫా మన హాల్లోకి చేరినట్టు. పేరు హైదరాబాద్ ఎఫ్.సి., చొక్కా రంగు పసుపు. మొదటి ఆటే కోల్‌కతాలో 5-0తో ఓడారు. పద్దెనిమిది ఆటల్లో రెండు గెలిచి, పది జట్లున్న పట్టికలో పదో స్థానం సంపాదించారు. అప్పటి కోచ్ ఇంగ్లండ్ నుంచి దిగిన ఫిల్ బ్రౌన్. 2008లో హల్ సిటీ జట్టు సగం ఆటకే నాలుగు గోల్స్ తిన్నదని, విరామంలో ఆటగాళ్ళను లోపలికి కూడా పోనీకుండా మైదానంలో కూర్చోబెట్టి ప్రేక్షకుల ఎదుటే తలంటిన ఘనుడు. మన దగ్గర ఆ పని చెయ్యలేదు. చెయ్యాలంటే ముందు ప్రేక్షకులుండాలి కదా.

జెర్సీ నేను కొన్నది ఆ ఏడాదే. దేనికైనా టైమింగ్ ఉండాలంటారు.

మా గోడు మాత్రం ఓటమి కాదు, గెలుపు. 2022 మార్చి 20న హైదరాబాద్ దేశ విజేత అయింది. కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. ఇక పోయిందనుకుంటుండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు, షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి ఏకంగా మూడు పెనాల్టీలు ఆపాడు. మరి ఇదంతా ఎక్కడ? గోవాలో! కోవిడ్ మూలంగా ఆ సీజన్ మొత్తం అక్కడే పెట్టారు, మన గచ్చిబౌలి స్టేడియంలో ఒక్క ఆట కూడా లేదు. పెళ్ళికొడుకు పక్కూళ్ళో తాళి కట్టేసి ఫోటో పంపినట్టుంది. ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్‌లో కేక వేసింది నేనొక్కణ్ణే. కింది ఫ్లాటాయన ఫోన్ చేసి "పెద్దావిడకి గానీ ఏమన్నా అయిందా?" అన్నాడు.

తర్వాతేడాది బాగానే ఆడారు. అది చెప్తే మా అన్నయ్య దగ్గర నా కేసు బలహీనపడుతుంది కాబట్టి చెప్పను.

2023-24 చెప్తాను. ఇరవై రెండు ఆటలు, ఒకే ఒక్క గెలుపు, అదీ చెన్నైలో. గచ్చిబౌలికొచ్చి కూర్చున్నవాడికి మొత్తం సీజన్‌లో ఒక్క గెలుపు కూడా కంటపడలేదు. వేసిన గోల్స్ పది, తిన్నవి నలభై మూడు. జీతాలు అందలేదన్న ఫిర్యాదులు ఫిఫా దాకా వెళ్ళాయి, కొత్త ఆటగాళ్ళను తీసుకోవద్దని ఫిఫా నిషేధం పెట్టింది. విదేశీయులు ఒక్కొక్కరే సూట్‌కేసు సర్దుకోగా, చివరికి బ్రెజిల్ మనిషి జోవావ్ విక్టర్ ఒక్కడు మిగిలాడు. ఆయన అటు, నేను ఇటు. ఒక సాయంత్రం ఆ పెద్ద స్టేడియంలో నా వరస మొత్తానికి నేనే దిక్కుగా కూర్చుంటే, సమోసాల కుర్రాడు బుట్ట పక్కన దించి నా వంక జాలిగా చూశాడు. "ఏంది సార్, డ్యూటీ పడ్డదా?" అన్నాడు. లేదు, టికెట్ కొనుక్కుని వచ్చానంటే నమ్మలేదు. సమోసాతో పాటు వేయించిన మిరపకాయ ఒకటి ఎక్కువ పెట్టాడు.

ఒక్క కేరళతో ఆట ఉన్నరోజు మాత్రం స్టాండ్లు కళకళలాడేవి. వాళ్ళ రంగూ పసుపే. హైటెక్ సిటీలో ఉన్న మలయాళీలంతా డప్పులతో దిగేవాళ్ళు. టీవీలో చూసినవాళ్ళు హైదరాబాదీలకు ఎంత అభిమానమో అని మురిసిపోయి ఉంటారు. వాళ్ళను నిరాశపరచడం ఎందుకని నేనూ ఎవరికీ చెప్పలేదు.

2024 సెప్టెంబర్‌లో సాక్షాత్తూ భారత జట్టే గచ్చిబౌలికి వచ్చింది. కోచ్ ఎవరనుకున్నారు, మనకు కప్పు తెచ్చిపెట్టిన మనోలో మార్కెజ్. ఎదుట మారిషస్, పదమూడు లక్షల జనం కూడా లేని దీవి. స్కోరు 0-0. మారిషస్‌లోనూ మన తెలుగువాళ్ళున్నారు కాబట్టి ఎలా చూసినా తెలుగుజాతి ఓడలేదని సర్దిచెప్పుకుని బస్సెక్కాను.

ఈ లీగ్‌లో అప్పటికి ఎంత ఓడినా కింది లీగుకు తోసేవాళ్ళు కాదు. దిగజారే వీల్లేదు గానీ ఊరు మారే వీలుండేది. 2025లో టీము ఢిల్లీ వెళ్ళింది, పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పుణె, హైదరాబాద్, ఢిల్లీ... బ్యాంకు మేనేజరు సర్వీసు రిజిస్టరులా లేదూ? మేనేజరు పోతుంటే శాలువా కప్పి, కారా బూందీ పంచి, నాలుగు మంచిమాటలు చెప్తారు. మా టీము పోయిందని నేను ఫోన్‌లో చూసి తెలుసుకున్నాను. మా ఇంట్లో చెప్తే, "మనకొక టీము ఉండేదా?" అన్నారు.

ఈ దెబ్బతో అన్నయ్య దగ్గర నాదే పైచెయ్యి అనుకున్నాను. ఆయన తొణకలేదు. "మాదీ పోయిందిరా. 1996లో బాల్టిమోర్‌కి లాక్కెళ్ళారు. ఊరు కోర్టుకెక్కి పేరూ, రంగులూ, రికార్డులూ ఇక్కడే ఉంచుకుంది. 1999లో కొత్త టీము వచ్చి అదే చొక్కా తొడుక్కుంది. మీరేం ఉంచుకున్నారు?"

ఆలోచించాను. పేరు ఎటూ మనదే, నాలుగు వందల ఏళ్ళ పైబడి. రికార్డులు ఎవరడిగినా ఇచ్చెయ్యొచ్చు. ఇక మిగిలింది రంగు.

"జెర్సీ ఉందన్నయ్యా."

"ఎక్కడ?"

"పసుపు పడ్డా కనపడదని మీ మరదలు మసిగుడ్డ చేసింది."

ఫోన్ పెట్టేశాక మనసొప్పలేదు. స్టవ్ పక్కనుంచి తీసి, రెండుసార్లు సర్ఫులో నానబెట్టి ఉతికి బాల్కనీలో ఆరేశాను. పోపు వాసన పోలేదు గానీ రంగు చెక్కుచెదరలేదు. పొద్దున్నే పక్క ఫ్లాట్‌లో కొత్తగా దిగిన కొచ్చిన్ కుర్రాడు బాల్కనీలోకొచ్చి, చొక్కా చూసి, ముఖం చేటంత చేసుకున్నాడు.

"సార్, మీరూ బ్లాస్టర్సా?"

గొంతు పెగల్లేదు. తలూపాను, ఎటు ఊపానో నాకే తెలీదు. సాయంత్రం వాళ్ళావిడ అరటికాయ చిప్స్ పంపింది. కొబ్బరినూనెలో వేయించినవి. బాగున్నాయి.