చెక్ మెజర్‌మెంట్

అట్లాంటా శివార్లలో మనవాళ్ళు ఇళ్ళు కొనుక్కున్న ఏ వీధికైనా వేసవిలో వెళ్ళండి, ఈయన ఎదురుపడతారు. మెడకు మఫ్లర్, ఎందుకంటే పొద్దుటి గాలి ఏ దేశంలోనైనా మంచిది కాదు. కాళ్ళకు కొడుకు కొనిచ్చిన ఖరీదైన బూట్లు, వెనకభాగం అణగదొక్కి చెప్పుల్లా తొడుక్కున్నవి. పంచాయతీరాజ్ శాఖలో ఈ.ఈ.గా రిటైరయ్యారు. ఆరు నెలలకని అబ్బాయి దగ్గరికి వచ్చారు.

మొదటి పక్షం నిద్రలేమితో, గుడితో, కాస్ట్‌కోతో గడిచిపోతుంది. ఆ తరువాత మొదలవుతుంది అసలు కష్టం. ఇక్కడ పెత్తనం చెయ్యడానికి పని లేదు. గిన్నెలు యంత్రం తోముతుంది. గడ్డి కోసేవాళ్ళు వస్తారు, కోస్తారు, పోతారు. ‘ఎంతవరకు కొయ్యమంటారు సార్’ అని ఒక్క మాట అడిగిన పాపాన పోరు. ఉద్యోగమంతా పదిమంది పని చేస్తుంటే గొడుగు కింద నిలబడి చూసిన మనిషి, చూడటానికి ఏమీ లేకపోతే ఏమైపోవాలి?

అప్పుడు పెరట్లో మొద్దు కంటబడుతుంది.

అది బ్రాడ్‌ఫర్డ్ పేర్ చెట్టు తాలూకుది. ఈ చెట్టు జాతకం ఈయనకు బాగా నచ్చింది. అమెరికా వ్యవసాయ శాఖ 1963లో ముచ్చటపడి విడుదల చేసింది, ఊరూరా నాటారు. తీరా చూస్తే పూలు కుళ్ళిన చేపల కంపు, గాలివాన వస్తే కొమ్మలు నడిమికి చీలిపోవడం. పక్కనున్న సౌత్ కరోలినాలో 2024 నుంచి అసలు అమ్మకూడదన్నారు. “అంటే మన కోనోకార్పస్ కథే,” అని ఆయన మనసు తేలికపడింది. తెలివితక్కువ పనులు మన శాఖల సొత్తే కాదన్నమాట.

“చెట్టు కొట్టినవాడు మొద్దెందుకు వదిలాడురా?”

“దానికి వేరే బిల్లు నాన్నా.”

“ఎస్టిమేట్‌లో ఆ ఐటమ్ లేకుండా సంతకం ఎలా పెట్టావు? పైగా ఈశాన్యం!”

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మొద్దు తీసే విధానం చెప్పారు. నలుగురు మనుషులు, రెండు గునపాలు. చుట్టూ గొయ్యి తీసి, పక్క వేళ్ళు గొడ్డలితో నరికి, మోకు కట్టి ట్రాక్టరుతో లాగాలి. చింతమొద్దయితే మటన్ కొట్టువాడే ఎదురు డబ్బిచ్చి పట్టుకెళ్తాడు. అంతా విని అబ్బాయి, “గ్రైండ్ చేయిస్తాను నాన్నా,” అన్నాడు. ఇండియా నుంచి మోసుకొచ్చిన వెట్ గ్రైండర్ వైపు ఈయనగారి ఆవిడ ఆందోళనగా చూశారు.

తవ్వేముందు 811కి ఫోన్ చేయాలట. వాళ్ళు మనుషుల్ని పంపి, నేలలో ఏది ఎక్కడుందో చిన్న చిన్న జెండాలు గుచ్చిపోయారు. కరెంటుకు ఎరుపు, గ్యాసుకు పసుపు, మంచినీళ్ళకు నీలం, కేబుల్‌కు నారింజ. “అన్ని పార్టీలూ ఉన్నాయి,” అన్నారాయన. మన దగ్గర ముందు తవ్వి, నీళ్ళు చిమ్మాక పైపు ఎక్కడుందో తెలుసుకుంటాం కాబట్టి ఈ పద్ధతిని లోలోపల మెచ్చుకున్నారు. కానీ గడ్డికి నీళ్ళు చిమ్మే గొట్టాలు ఇంటివాళ్ళ సొంతం, వాటిని ఎవరూ గుర్తించరని తేలింది. ఆ లోపం ఆయనకు రెండు రోజుల పని కల్పించింది. తోటంతా తిరిగి ఒక్కో గొట్టం దారీ పట్టుకుని, మనవరాలి రంగు పెన్సిళ్ళతో మ్యాపు గీశారు.

మొద్దు వ్యాసం అంగుళానికి ఇన్ని డాలర్లని ధర. వ్యాసం ఎక్కడ కొలుస్తాడు? పైన కోసిన చోటా, వేళ్ళు విచ్చుకున్న నేలమట్టం దగ్గరా? నేల దగ్గరే అట. ఆయన టేపు తీసి మూడు దిక్కుల కొలిచి, సగటు కట్టి, డాలర్లను రూపాయల్లోకి మార్చి, కాసేపు కుర్చీలో కూర్చుండిపోయారు.

తీరా ఆ రోజు వచ్చింది ఒకే ఒక్క కుర్రాడు. చెవులకు మఫ్‌లు, చేతిలో రిమోట్. కార్బైడ్ పళ్ళున్న చక్రం మొద్దు మీద అటూ ఇటూ ఊగుతూ కొంచెం కొంచెంగా కొరుక్కుంటూ దిగింది. ఈయన మఫ్లర్ సర్దుకుని పక్కన నిలబడబోతే, ముక్కలు ఎగిరి తగులుతాయని కుర్రాడు వెనక్కి జరగమన్నాడు. జరిగారు. ఇంకా జరగమన్నాడు. చివరికి వంటింటి అద్దం వెనక నుంచి చూడాల్సి వచ్చింది. కుర్రాడి కోసం ఆవిడ పెట్టిన టీ పొంగు రాకముందే యంత్రం ఆగింది. అరగంట కూడా పట్టలేదు!

అప్పుడు బయటికొచ్చారు, చేతిలో ఇనప చువ్వతో. ఒప్పందం పన్నెండంగుళాల లోతు. చువ్వ గుచ్చి నాలుగు చోట్ల చూశారు. మూడు చోట్ల సరిపోయింది. నాలుగో చోట తొమ్మిది.

“నైన్,” అన్నారు. ఆ ఒక్క అంకెలో ముప్పై ఏళ్ళ సర్వీసు పలికింది.

కుర్రాడు నవ్వి, “యూ గాట్ ఇట్ సర్,” అని మళ్ళీ యంత్రం తిప్పాడు, రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ ఈయన చేతులు వెనక్కి కట్టుకుని, పదవిలో ఉన్నప్పటిలా నిలబడ్డారు. ఆవిడ ఫోన్లో ఫోటో తీశారు.

తరువాత పొట్టు గోల. మొద్దు కన్నా పొట్టు కుప్ప పెద్దదైతే మోసమని కోడలు అనుమానపడింది. గుల్లబారితే పరిమాణం పెరుగుతుందని, అదంతా గోతిలోనే నింపి గడ్డి వేస్తే, ఆ చెక్క కుళ్ళేటప్పుడు నేలలో నత్రజని తినేసి గడ్డి పసుపెక్కుతుందని, తరువాత నేల కుంగుతుందని, కాబట్టి చాలామటుకు తీసేసి మంచి మన్ను వెయ్యాలని, ఆమెకు అర్థమయ్యేదాకా ఇంగ్లీషులో, అర్థమైపోయాక తెలుగులో చెప్పారు. ఇందులో తప్పేమీ లేదు. ఈయనతో చిక్కే అది, చెప్పేది చాలాసార్లు నిజం.

మర్నాడు ఉదయం పక్కింటి తెల్లావిడ పెరట్లో టేపు సాగుతున్న చప్పుడు విని అబ్బాయి కంగారుగా పరుగెత్తాడు.

“నాన్నా, వాళ్ళ మొద్దు జోలికి మనం వెళ్ళకూడదు!”

“జోలికెవడు వెళ్ళాడురా? ఎస్టిమేట్ వేస్తున్నాను, అంతే. ఆ కొస పట్టుకో.”