మురికి తూము మింగె: టీకా తాత్పర్య విశేషాలతో

అవతారిక

మెదక్ సీమలోని కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ రెండు ఒట్లు పెట్టుకున్నాడు. మూలంలో లేనిది రాయనన్నాడు, అక్కరలేనిది చెప్పనన్నాడు. మొదటి ఒట్టు మేమూ పెట్టుకుంటాం. రెండోది పెట్టుకుంటే ఈ వ్యాఖ్య ఇక్కడితో ఆగిపోతుంది.

మూలం అమెరికా దేశపు టీవీ ఇతిహాసం ‘సూపర్‌నేచురల్’. ఎరిక్ క్రిప్కే సృష్టి. 2005 సెప్టెంబరులో మొదలై 2020 నవంబరులో ముగిసింది. కాండలు 15, సర్గలు 327. నాయకులు వించెస్టర్ సోదరులు. అన్న డీన్, తమ్ముడు శామ్. వృత్తి దయ్యాల వేట. రథం 1967 నాటి నల్లని షెవర్లే ఇంపాలా. ఆయుధాలు తుపాకులు, ఇనుము, ఉప్పు. గుప్పెడు ఉప్పు చుట్టూ తిప్పి దిష్టి తీసే జాతికి ఈ చివరి ఆయుధం గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఈ ఇతిహాసంలో లోకం అంతమయ్యే ఘట్టాలు బోలెడు ఉన్నాయి. వాటికి వ్యాఖ్యాతలూ బోలెడుమంది. మేము మాత్రం 2007 అక్టోబరు 18న ప్రసారమైన మూడో కాండం మూడో సర్గలో, ఒకానొక బూటు పోయిన ఘట్టాన్ని తీసుకున్నాం. సర్గ పేరు ‘బ్యాడ్ డే ఎట్ బ్లాక్ రాక్’. రాసినవాడు బెన్ ఎడ్లండ్, తీసినవాడు రాబర్ట్ సింగర్. ఆ ఘట్టాన్ని తెలుగు చేసిన ఆటవెలది ఇది. పద్యం రాసినదీ, వ్యాఖ్య రాస్తున్నదీ ఒకరే కావడంతో కవిహృదయం విషయంలో మాకు సందేహాలు లేవు. ఉన్నా బయటపెట్టం.

ఆ.వె.
కాలు దొరికెఁ జేతఁ గలిగె భాగ్యంబెల్ల
కాలు వోయెఁ బిదపఁ గాలిజోడు
మురికి తూము మింగె మూతి ముడిచి చూచెఁ
దమ్ముఁ డన్న వంకఁ దాళలేక

ప్రతిపదార్థం

కాలు = కుందేటి పాదము; చేతన్ = (పెనుగులాటలో, పొరపాటున) చేతికి; దొరికెన్ = చిక్కినది; భాగ్యంబు ఎల్ల = లాటరీ మొదలుకొని హోటలు భోజనము వరకు గల సమస్త ఐశ్వర్యము; కలిగెన్ = ప్రాప్తించినది; కాలు = ఆ కాలే; పోయెన్ = కాఫీ వడ్డించు నెపమున వచ్చిన చోరురాలిచే అపహరింపఁబడినది; పిదపన్ = అటు తరువాత, అనఁగా ఆమె వీధి మలుపు తిరుగులోపలనే; కాలిజోడు = బూటును; మురికి తూము = వీధి పక్కనున్న జాలీమూత గల తూము; మింగెన్ = మింగినది; తమ్ముఁడు = శామ్; తాళలేక = ఓర్వఁజాలక; మూతి ముడిచి = (దీనికి ఇక్కడ చోటు చాలదు, విశేషాలు చూచునది); అన్న వంకన్ = డీన్ వైపు; చూచెన్ = చూచెను.

తాత్పర్యం

సోదరుల తండ్రి జాన్ వించెస్టర్ బతికుండగా న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో దగ్గర ఎవరికీ చెప్పకుండా ఒక స్టోరేజీ గది అద్దెకు తీసుకుని ఉంచాడు. అందులో శాపాలను బంధించిన పెట్టెలు ఉన్నాయి. ఇద్దరు దొంగలు ఒక పెట్టె ఎత్తుకుపోయి మూత తీశారు. లోపల కుందేలు కాలు. దాన్ని ముట్టుకున్నవాడికి పట్టిందల్లా బంగారం. పోగొట్టుకున్నవాడికి వారం లోపల చావు. సోదరులు దొంగల మీదికి వెళ్లినప్పుడు ఆ కలబడటంలో అది శామ్ చేతికి తగిలింది. అక్కడి నుంచి అతను గీకిన ప్రతి లాటరీ టికెట్టుకూ డబ్బు వచ్చింది. బిగ్గర్సన్స్ అనే హోటల్లో అడుగు పెడితే పది లక్షలవ గిరాకీ నువ్వే అని బుడగలు వదిలి, ఏడాది పాటు ఉచిత భోజనం రాసిచ్చారు. అన్నదమ్ములు ఆ విందులో ఉండగానే బేలా టాల్బట్ అనే వన్నెలాడి వడ్డించే పిల్ల వేషంలో వచ్చి కాలు కొట్టేసింది. శామ్ లేచాడు, పడ్డాడు, వడ్డించేవాణ్ణి పడేశాడు. వీధిలో పరుగెత్తి మోకాళ్లు దోక్కున్నాడు. బూటుకు చూయింగ్ గమ్ అంటుకుంది. దాన్ని తూము మూతకు రాస్తుంటే బూటే జారి లోపల పడింది. అప్పుడతను అన్న వైపు చూశాడని భావం.

విశేషాలు

“కాలు దొరికెఁ జేత” అనడంలో కవి గడుసుతనం ఉంది. కాలు చేతికి రావడమే ప్రకృతి విరుద్ధం. పైగా ఆ కాలు మామూలుది కాదు. వందేళ్ల కిందట లూయిజియానాలోని బాటన్ రూజ్‌లో ఒక మంత్రగత్తె తయారు చేసిందని కథ. శ్మశానంలో, నిండు పున్నమి నాడు, ఆ పున్నమి కూడా 13వ తేదీ శుక్రవారం అయినప్పుడు కోసిన కాలు. అమెరికాలో నల్లజాతి వారి హూడూ సంప్రదాయంలో కుందేలు కాలి తాయెత్తు నిజంగానే ఉంది. అందులోనూ ఎడమ వెనక కాలే కావాలంటారు. ఇన్ని షరతులు చదివాక మన పంచాంగకర్తల మీద గౌరవం తగ్గదు గానీ, వాళ్లు ఒంటరివాళ్లు కారని తెలుస్తుంది.

ఇక్కడ ఒక చిరకాల సమస్య తీరుతున్నది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించేవాడు మన ప్రతి ఊళ్లోనూ, ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు. ఇన్నాళ్లూ వాణ్ణి మొండివాడన్నాం. నాలుగో కాలు బఫెలో దగ్గర స్టోరేజీ గదిలో పెట్టెలో ఉందని తెలిశాక ఆ మాట వెనక్కి తీసుకోవలసి వస్తున్నది.

“కాలు” అన్న మాట మూడుసార్లు వచ్చింది. మొదటి రెండూ కుందేలువి, మూడోది శామ్‌ది. ఒకే మాట ఒకే అర్థంలో వస్తూ తాత్పర్యం మారితే లాటానుప్రాసం. అర్థాలంకారం విషమం: మేలు కోరి చేసిన పని కీడుగా తిరగడం. బూటుకు అంటిన గమ్ వదిలించబోతే గమ్ ఉన్న బూటే వదిలిపోవడం కంటే దీనికి మంచి ఉదాహరణ ఏ లక్షణగ్రంథంలోనూ ఇప్పటిదాకా మేము చూడలేదు.

శంక: జోడు అంటే రెండు కదా. తూము మింగింది ఒక్క బూటునే. కవి అతిశయోక్తికి పోయాడా?

సమాధానం: ఒక బూటు పోయాక మిగిలినదానితో ఎవరూ ఊరేగరు. ఒకటి పోతే రెండూ పోయినట్టే. కావాలంటే అమ్మి చూడండి.

మరో శంక, ఇది బరువైనది. గుడి దగ్గర చెప్పులు పోతే శని వదిలిందని మనవాళ్లు సంతోషిస్తారు. కొత్తవి కొనుక్కోవాల్సి వచ్చిన మనిషి కూడా ఉత్తకాళ్లతో ఇంటికి నడుస్తూ ఆ మాటే చెప్పుకుంటాడు. అలాగైతే బూటు పోయిన క్షణం నుంచి శామ్‌కు మంచిరోజులు రావాలి. కానీ ఆ తర్వాత జరిగింది చూస్తే, అన్న అతణ్ణి లాడ్జి గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, కదలొద్దు, మెదలొద్దు, ముక్కు కూడా గోక్కోవద్దని కట్టడి చేసి వెళ్లాడు. కాసేపటికి గోడనున్న ఏసీ తనంత తానే అంటుకుంది. ఆర్పబోతే చొక్కా చెయ్యి అంటుకుంది. ఆ తొట్రుపాటులో కింద పడి స్పృహ తప్పాడు. కాబట్టి మన శాస్త్రం తప్పా?

తప్పు కాదు. చెప్పులతో శని పోవడానికి ఒక నియమం ఉంది: వాటిని ఎవడో ఒకడు తొడుక్కుపోవాలి. శని వాడితో పోతుంది. తూములో పడ్డ బూటును తొడుక్కున్నవాడు లేడు గనక శని ఎక్కడికీ కదలలేదు. ఏలినాటి శనికి ఏడున్నరేళ్లు పడుతుంది. బాటన్ రూజ్ శని అదంతా వారంలో తేల్చేస్తుంది గనక దానికి తీరిక తక్కువ.

పాదాల దగ్గరే దురదృష్టం కాచుకుని ఉంటుందన్నది మన ఇతిహాసానికి కొత్త కాదు. నలమహారాజులో దూరడానికి కలి పన్నెండేళ్లు ఎదురుచూశాడు. చివరికి ఒకనాడు ఆయన కాళ్లు కడుక్కోకుండా ఆచమనం చేస్తే దొరకబుచ్చుకున్నాడు. నలుడు రాజ్యం పోగొట్టుకున్నాడు, భార్యను అడవిలో విడిచిపెట్టాడు. శామ్ బూటుతో సరిపెట్టుకోవలసినవాడే. అయితే నలుడు ఎవరి ముందూ మూతి ముడవలేదు.

ఇక “మూతి ముడిచి”. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. శామ్ పాత్రధారి జారెడ్ పడలెకీ ఎత్తు ఆరడుగుల నాలుగు అంగుళాలు. రాక్షసుల తలలు నరికిన చేతులు. ఆ ఆకారం ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో వీధిలో నిలబడి, బడి నుంచి పలక పగలగొట్టుకుని వచ్చిన పిల్లవాడి ముఖం పెట్టి, బూటు పోయిందని అన్నకు విన్నవించుకుంటుంది. భరతముని నవ్వును స్మితం నుంచి అతిహసితం వరకు ఆరు రకాలుగా విభజించాడు. ఈ దృశ్యానికి ప్రేక్షకుడు ఆరోదానితో మొదలుపెడతాడు. డీన్ మాత్రం నవ్వడు. ఆకాశం వైపు ఒకసారి చూసి ఊపిరి వదులుతాడు. తమ్ముడిని పెంచిన ప్రతి అన్నకూ ఆ ఊపిరి తెలుసు.

రసం హాస్యమని తేలిగ్గా చెప్పేవారున్నారు. అంగి హాస్యమే, ఒప్పుకుంటాం. కానీ ఈ సర్గ ఎక్కడ ఉందో చూడాలి. రెండో కాండం చివర శామ్ చనిపోతే, డీన్ తన ఆత్మను తాకట్టు పెట్టి తమ్ముణ్ణి బతికించుకున్నాడు. గడువు ఒక్క ఏడాది. ఏడాదికి నరకం. ఆ గడియారం నడుస్తుండగా మూడో సర్గ వచ్చింది. అంటే ఏడాదిలో పోయేవాడు వారంలో పోయేవాడికి కాపలా కాస్తున్నాడు. ఇదంతా ఎక్కడా నోరు విప్పి చెప్పకుండా, బూటు గురించి మాట్లాడుకుంటూ గడిపేయడమే ఎడ్లండ్ పనితనమని మా అభిప్రాయం. ప్రేమ ఉన్న ఇళ్లలో ప్రేమ గురించి ఎవరూ మాట్లాడరు. కూర్చో, కదలకు, ముక్కు గోక్కోకు అంటారు.

తండ్రి గదిలో కూడా ఇదే కనిపిస్తుంది. శాపాల పెట్టెల పక్కన శామ్ చిన్నప్పుడు సాకర్‌లో గెలిచిన కప్పు, డీన్ ఆరో తరగతిలో తన చేతులతో గొట్టం కోసి చేసుకున్న మొదటి తుపాకి ఉంటాయి. బతికినన్నాళ్లూ మెచ్చుకోని తండ్రి వాటిని తాళం వేసి దాచాడు. ఈ రెండు వస్తువుల మీద కెమెరా నిలిచే కాసేపు సర్గ హాస్యాన్ని పక్కన పెడుతుంది. వెంటనే కాలు వెతుక్కుంటూ వెళ్లిపోతుంది. అలా వెళ్లిపోవడం మంచిదైంది.

కుబ్రిక్ అనే వేటగాడి సంగతి కొందరు వ్యాఖ్యాతలు వదిలేశారు. శామ్‌ను చంపాలని తిరుగుతున్నవాడు, దైవభక్తుడు. శామ్ స్పృహ తప్పి పడ్డ వేళకే లాడ్జికి చేరుకుని, ఇదంతా భగవంతుడు దగ్గరుండి నడిపిస్తున్నాడని పొంగిపోతాడు. ఒకడి శని మరొకడికి దైవసంకల్పం. తర్వాత డీన్ అదే కాలును బేలా దగ్గర తిరిగి కొట్టేసి, తన చేత్తో పట్టుకుని వచ్చేసరికి సంకల్పం పార్టీ మారింది: విసిరిన కలం నేరుగా వెళ్లి తుపాకి గొట్టంలో ఇరుక్కుంది. విసిరిన రిమోట్ కుబ్రిక్ నుదుటికి తగిలింది. దేవుడు మాట మార్చినప్పుడు భక్తుడి ముఖం ఎలా ఉంటుందో మైకేల్ మాసీ చాలా బాగా చూపించాడు.

సర్గ పేరు గురించి ఒక్క మాట. 1955లో ఇదే పేరుతో ఒక హాలీవుడ్ సినిమా వచ్చింది. అందులో స్పెన్సర్ ట్రేసీ ధరించిన మెక్రీడీకి ఒక చెయ్యి లేదు. ఇక్కడ కుబ్రిక్ జతగాడి పేరు క్రీడీ. కుందేలుకు ఒక కాలు లేదు, శామ్‌కు ఒక బూటు లేదు. ఈ లేమి పరంపరలో గూఢార్థం ఉందా అంటే, వ్యాఖ్యాతగా ఉందని చెప్పడం మా బాధ్యత.

ఉపసంహార కథ

చివరికి సోదరులు శాపం తీరేందుకు కాలును శ్మశానంలో కాల్చబోతుంటే బేలా తుపాకితో వచ్చి శామ్ భుజాన కాల్చింది. డీన్‌కు అదృష్టం కాపలా ఉంది గనక అతణ్ణి కాల్చి లాభం లేదని ఆమెకు తెలుసు. డీన్ కాలును ఆమె వైపు విసిరాడు. వచ్చే వస్తువును పట్టుకోవడం చేతుల సహజగుణం. పట్టుకుంది. పట్టుకున్నాక శాపం ఆమెదీ అయింది, కాల్చడానికి ఆమే ఒప్పుకోవలసి వచ్చింది. కాలు కాలింది. బేలా వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక చూసుకుంటే, గెలిచిన లాటరీ టికెట్లు కూడా వెళ్లిపోయాయి.

ఇంత ముఖ్యమైన ధననష్టం పద్యంలోకి ఎందుకు రాలేదని అడగవచ్చు. ఆటవెలదికి నాలుగు పాదాలే. ఉన్న నాలుగూ బూటుకే సరిపోయాయి.