నా చెవులూ, అంబాసిడర్ ట్యాపెట్లూ

ఖరగ్‌పూర్‌లో మగాడి పరువు చెవుల్లో ఉంటుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి కార్ఖానాలో, లోకో షెడ్డులో చేరినవాళ్ళ పిల్లలం, మనవలం మేమంతా. చక్రాన్ని సుత్తితో కొట్టి, మోతను బట్టి పగులుందో లేదో చెప్పేసిన వంశాలు. మా మథురాకాటిలో ఎవరింట్లో మిక్సీ మూలిగినా నలుగురు గుమ్మంలో నిలబడి "బేరింగు" అని తీర్పు చెప్పేస్తారు. పైగా ఊరికి ఇప్పుడు మిగిలిన గొప్పలు తక్కువ. మా 1072 మీటర్ల ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడుగని చెప్పుకునేవాళ్ళం. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ఆ మాటా లాగేసుకున్నాయి. ఇక చెవులే దిక్కు.

అలాంటి ఊళ్ళో, కార్ఖానా అకౌంట్స్ ఆఫీసులో ఎర్ర సిరాతో జీవితం వెళ్ళదీసి రిటైరైనవాణ్ణి నేను. "కార్ఖానాలో చేశారు" అంటే చాలు, ఏం చేశారని ఎవరూ అడగరు. నేనూ చెప్పను.

నాకో పాత అంబాసిడర్ ఉంది. 1489 సీసీ, నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు, బానెట్ కింద ఇంగ్లండు నుంచి దిగిన బీఎంసీ వంశపు పుష్‌రాడ్ ఇంజను. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ 2014 మేలో ఈ కార్లు చెయ్యడం మానేసింది. పొగ ఎక్కువైందని కిందటి చలికాలం ఇంజను దింపించాను. బోర్ చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్పించి, హెడ్డు ఫేసింగ్ కొట్టించి, కొత్త వాల్వులు వేయించి ఇంటికి తెచ్చాను. మా ఆవిడ గుమ్మంలోంచే అడిగింది.

"ఏటండీ, పోపులో ఆవాలు చిటపటలాడుతున్నట్టు ఆ చప్పుడేటి?"

నాకేమీ వినబడలేదు.

సన్న చప్పుళ్ళు నా చెవులకు అందడం మానేసి చాలా కాలమైంది. ఇంట్లో చెప్పలేదు. "ట్యాపెట్" అన్నాను వెంటనే. పేరు పెట్టేస్తే విన్నట్టే లెక్క.

గంటలో వీధి పోగైంది. పక్కింటి లోకో షెడ్డు అన్నయ్యగారు కళ్ళు మూసుకుని విని గజన్ పిన్ అన్నారు. ఎదురింటి క్యారేజీ వ్యాగన్ బావగారు బిగ్ ఎండ్ బేరింగే పోయిందన్నారు. గార్డు దాదా సైకిల్ దిగకుండానే ఎగ్జాస్టు లీకని తేల్చేశాడు. నేను అందరికీ తలూపాను. వినబడని చప్పుడు గురించి వాదించడం ఎంత సులువో అప్పుడే తెలిసింది.

చెవి లేనివాడికి పద్ధతే గతి. ఇంజను నడుస్తుండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకాలి. పిస్టన్‌దో బేరింగ్‌దో అయితే ఆ సిలిండరు మీద భారం తగ్గి చప్పుడు మారుతుంది. పైన వాల్వుల దగ్గరిదైతే మారదు. పీకడం నా వంతు, వినడం మా ఆవిడ వంతు. "మారిందా?" "లేదు." "ఇప్పుడు?" "లేదుగానీ మీరెందుకలా ఎగిరారు?" ఎగిరింది షాకు కొట్టి. మొత్తానికి చప్పుడు పై అంతస్తుదే. నేను ముందే చెప్పానని అందరికీ గుర్తు చేశాను.

ఆనందంలో లెక్కలోకి దిగాను. క్యామ్‌షాఫ్టు క్రాంకు వేగంలో సగమే తిరుగుతుంది. ఇంజను నిమిషానికి 600 తిరిగితే ఒక్కో వాల్వు 300 సార్లు తెరుచుకుంటుంది, అంటే సెకనుకు అయిదు. "లెక్కపెట్టి చూడు" అన్నాను. "పొయ్యి మీద పాలున్నాయి" అని ఆవిడ లోపలికెళ్ళిపోయింది.

సంక్రాంతికి అల్లుడుగారొచ్చారు. ట్యాపెట్లు సరిచెయ్యడానికో తొమ్మిది సూత్రముంది. పూర్తిగా అణిగి ఉన్న వాల్వు నంబరును తొమ్మిదిలోంచి తీసేస్తే, రాకరుతో గ్యాపు చూడాల్సిన వాల్వు నంబరొస్తుంది. ఒకటోది అణిగితే ఎనిమిదోది చూడాలి, మూడోది అణిగితే ఆరోది. మెకానిజమంతటిలో నాకు హక్కుగా వచ్చిన పని ఈ తీసివేతొక్కటే. హ్యాండిల్ మాత్రం ఎవరైనా తిప్పాలి.

"పండక్కొచ్చిన అల్లుడుగారి చేత హ్యాండిల్ తిప్పిస్తారటండీ? రేపు వియ్యపురాలికి ఏటని చెప్పను?" అని మా ఆవిడ గొంతు తగ్గించి కేకలేసింది. ప్లగ్గులు తీసేస్తే ఇంజను తేలిగ్గా తిరుగుతుంది. ఆ సంగతి ఆయన చొక్కా తడిశాక గుర్తొచ్చింది నాకు.

ఎనిమిదింటికీ ఫీలర్ గేజ్ పెట్టాను. పదిహేను థౌ, అంటే 0.38 మిల్లీమీటర్లు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. స్టార్టు చేస్తే చప్పుడు అలాగే ఉందన్నారు. అప్పడాల కర్ర ఒక కొస రాకర్ కవరుకూ రెండో కొస చెవి వెనక ఎముకకూ ఆనిస్తే, టక్ టక్ టక్, మొదటిసారి నేనూ విన్నాను. కళ్ళు చెమర్చాయి. కవరు తీసి, నడుస్తున్న ఇంజనులోనే రాకరుకూ వాల్వుకూ మధ్య గేజ్ రేకు దూర్చుకుంటూ పోయాను. ఆరోదాని దగ్గర కిటికీలోంచి ఆవిడ అరిచింది: "ఆగిపోయింది!"

గేజ్ సరే అంటోంది, చప్పుడు కాదంటోంది. ఇంజను విప్పిన మిస్త్రీ దాదాని పిలిపించాం. రాకర్లు ఊడదీసి, ఆరోదాని కొసను వేలితో తడిమించాడు. ఏళ్ళ తరబడి కొట్టుకుని గుంట పడింది. గేజ్ రేకు బల్లపరుపు కాబట్టి గుంట అంచుల మీదే ఆనుకుని పదిహేనని చెబుతుంది. వాల్వు కాడ సన్నం, గుంటలోకి దిగిపోతుంది. అసలు గ్యాపు ఇంకా ఎక్కువన్నమాట.

"అన్నీ కొత్తవి వేసి రాకర్లు పాతవే ఎందుకుంచారు?" అన్నారు అల్లుడుగారు. దాదా మాట్లాడకుండా జేబులోంచి ఎస్టిమేటు కాగితం తీసిచ్చాడు. ఆయన గట్టిగా చదివారు. "రాకర్లు ఎనిమిది, బుష్షులతో సహా... మావయ్యగారూ, ఇది ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన 'పాతవే చాలును' అని రాసుంది. దస్తూరీ మీదేనా?"

కలకత్తా మల్లిక్ బజారు నుంచి రాకర్లొచ్చాయి. బిగించాక కూడా కాస్త చప్పుడుందని ఆవిడంది. గ్యాపు తగ్గించి దాన్నీ నొక్కెయ్యమన్నాను. దాదా ఒప్పుకోలేదు. గ్యాపు మరీ తగ్గితే, వేడెక్కినప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుందట. ఆ కాస్త టకటకా ఉండాలన్నాడు. నాకెలాగూ అభ్యంతరం లేదు.

మీరూ ఇంజను విప్పిస్తుంటే ఎస్టిమేటులో రాకర్ల లైను కొట్టెయ్యకండి. మొదటి 800 కిలోమీటర్ల తర్వాత హెడ్డు నట్లు బిగించి, ట్యాపెట్లు మళ్ళీ చూసుకోండి. గ్యాస్కెట్ అణిగి గ్యాపు తగ్గుతుంది. చప్పుడు వినిపెట్టడానికి మాత్రం నన్ను పిలవకండి. మా ఆవిడ దీపాలు పెట్టాక ఖాళీగానే ఉంటుంది.