తలతాడు, తవుడు, కాలిఫోర్నియా

మా మండవల్లి 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లాలోంచి ఏలూరు జిల్లాలోకి మారింది. ఎవరూ తాడేసి లాగలేదు. మా గేదె పడ్డ ఉందే, అది సావిట్లోంచి వీధిలోకి మారడానికి మాత్రం పేటంతా దిగాల్సొచ్చింది.

జాతి ముర్రా. పుట్టిల్లు హర్యానా అయినా పంతం మాత్రం కొల్లేరుదే. గుంజకి కట్టి ఉన్నంతసేపూ మహా సాధువు. పలుపు విప్పి నడిపిద్దామంటే నాలుగు కాళ్లూ పాతేస్తుంది. మెడ పట్టి లాగితే మరీ హుషారు; దాని బలమంతా అక్కడే కదా! పొరపాటున కదిలిందా, నేరుగా నీళ్లలోకే. చెమట గ్రంథులు తక్కువ, తోలు నలుపు, ఎండకి ఒళ్లు మండిపోతుంది, దాన్నేమీ అనలేం. తప్పంతా మా ఊరి భూగోళానిది. ఎటు నడిచినా చేపల చెరువు గట్టే. 2006లో ఆపరేషన్ కొల్లేరు అంటూ అభయారణ్యం లోపలి గట్లు కొట్టేశారు గానీ, హద్దు అవతలివి నిక్షేపంగా ఉన్నాయి. శీలావతి, బొచ్చె పెంచుతున్న చెరువులో గేదె దిగితే ఆ చెరువాయన మాట్లాడే తెలుగు పత్రికల్లో వేయరు.

"ముకుతాడు గుచ్చి పారెయ్, అదే దారికొస్తుంది" అని ఎదురింటాయన. "రెండు రోజులు మేత మానిపించు" అని పక్కింటాయన. వీళ్లిద్దరికీ గొడ్లు లేవు.

ఇంతలో ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మా మేనల్లుడు హైదరాబాదు నుంచి దిగాడు. "మావయ్యా, గుర్రప్పిల్లల్ని ఎలా మచ్చిక చేస్తారో చూడు" అని ఫోను నా ముక్కు మీద పెట్టాడు. కాలిఫోర్నియా పశువైద్యుడు రాబర్ట్ మిల్లర్ 1991లో దీనిమీద పుస్తకమే రాశాడట. పిల్ల పుట్టీపుట్టగానే చెవులు, నోరు, కడుపు, గిట్టలు అన్నీ తడిమి తడిమి, మనిషి చెయ్యంటే బెదురు లేకుండా చేయడం ఆయన పద్ధతి.

"మనది పుట్టి ఏడాది దాటిందిరా!"

"ఫరవాలేదు మావయ్యా, కిటుకు తాడులో ఉంది."

తాడు మెడకి కాదు, తలకి వేయాలట. చెవుల వెనకనుంచి తెచ్చి ముక్కు మీదుగా. ముట్టె ఎటు తిరిగితే ఒళ్లూ అటే తిరుగుతుంది. గుంజి లాగకూడదు, కాస్త బిగువుగా పట్టుకుని ఊరుకోవాలి. అది ఒక్క అడుగు వేసిందా, ఆ క్షణంలోనే వదులు చేయాలి.

ఆన్‌లైన్‌లో నైలాను తలతాడు దిగింది. గుర్రాలకి కుట్టింది. గుర్రాలకి కొమ్ములుండవు. మా పడ్డకేమో అప్పుడే చెవుల పైన జిలేబీలు చుట్టుకుంటున్నాయి. చాలాసేపు కుస్తీ జరిగాక చూస్తే తలతాడు మా మేనల్లుడి మెడలో ఉంది, పడ్డ గడ్డి నములుతోంది.

అప్పుడొచ్చింది మా అమ్మ, ఓ చేత జనపతాడు, ఓ చేత గుప్పెడు తవుడు. ముందు తోక మొదట్లో గోకింది. తర్వాత దవడ కింద. పడ్డ మెడ చాచి, కళ్లు సగం మూసింది. ఆ సందులో తాడు కొమ్ముల వెనక పడి, ముక్కు మీదికి జారి, ముడి కూడా పడిపోయింది. ఇక అమ్మ లాగదేం? నిలబడింది, అంతే. వీధిలో రెండు ఆటోలు వెళ్లిపోయాయి. చివరికి ముందుకాలు ఒకటి లేచి బెత్తెడు ముందు పడింది. అది నేలకి ఆనకముందే అమ్మ వేళ్లు సడలాయి. లాగేవాళ్లు మా పేటలో బోలెడుమంది. అంత సరిగ్గా వదిలే మనిషిని ఇంకొకర్ని చూపించండి!

"అమ్మమ్మా, ఇదే! ప్రెషర్ అండ్ రిలీజ్!" అని వీడు గంతులు.

"రిలీజేంట్రా, సినిమానా? ఇంతకీ ఆ దొరగారు గుర్రాల పాలు పితుకుతాడా?"

"లేదమ్మమ్మా."

"మరి ఆయనకేం తెలుస్తుంది! రేపిది ఈనాక పొదుగు ముట్టనివ్వకపోతే, తన్నిన తన్నుకి బకెట్టు కైకలూరులో తేలుతుంది."

ఆ నెలలోనే గాలికుంటు టీకాలవాళ్లొచ్చారు. పడ్డ కదలకుండా నిలబడి సూది పొడిపించుకుంది, చెవికి పచ్చబిళ్ల గుచ్చినా తల విదిలించి ఊరుకుంది. బిళ్ల మీద 12 అంకెలూ ఫోనులోకి ఎక్కించుకుంటూ ఆ కుర్రాడు, "భలే మచ్చిక చేశారండీ, ఎవరు?" అన్నాడు.

"నేనే" అంది అమ్మ. "నేనే" అన్నాడు మేనల్లుడు. ఎదురింటాయన కూడా గుమ్మంలోకొచ్చి గొంతు సవరించుకున్నాడు. తాడు మాత్రం నా చేతిలో ఉంది, నన్నెవరూ అడగలేదు.