పోయిన పేరు తిరిగొచ్చిన ఈగను

శాన్ రామన్‌లో డౌహర్టీ లోయ వైపు తెలుగువాళ్ల ఇళ్ల పెరళ్లలో పాలకూర, చుక్కకూర, బఠాణీ పెరుగుతుంటాయి. అలాంటి ఒక పెరట్లోని పాలకూర ఆకే నా పుట్టిల్లు. నేను రెండు మిల్లీమీటర్ల ఈగను. ఒళ్లు నలుపు, వీపు చివర పసుపు మచ్చ. శాస్త్రవేత్తలు నన్ను లిరియోమైజా లాంగీ అంటారు. ఆ పేరు ఒకసారి పెట్టారు, తీసేశారు, మళ్లీ ఇచ్చారు.

మా అమ్మ పొట్ట చివరనున్న సూదిలాంటి అవయవంతో ఆకును గుచ్చి, లోపల నన్ను గుడ్డుగా పెట్టింది. గుచ్చిన ప్రతిచోటా గుడ్డు పెట్టదు. చాలా గాట్లు ఊరే రసం తాగడానికే. మా నాన్నకు ఆ సూది లేదు, అమ్మ చేసిన గాట్లే ఆయనకూ ఆధారం. గుడ్డులోంచి వచ్చాక ఆకు రెండు పొరల మధ్య ఉన్న పచ్చని గుజ్జును నోటి కొక్కేలతో గీరి తింటూ సాగాను. వెనక తెల్లటి దారి, అందులో నల్లగా నా మలం గీత. నేను ఎదిగేకొద్దీ దారి వెడల్పైంది. రెండుసార్లు చర్మం విడిచి, చివరికి ఆకును నెలవంకలా కోసుకుని మట్టిలోకి జారి, ప్యూపానై పడుకున్నాను. వాతావరణం వెచ్చగా ఉంటే గుడ్డు ఈగ కావడానికి సుమారు మూడు వారాలు. చలి ఉంటే ఇంకా ఎక్కువ.

ఆ ఇంటికి మదనపల్లె నుంచి వచ్చిన అవ్వ ఆకు తిప్పి చూసి, "ఇది పాముపొడే పాపా, మన టమేటా తోటలో కూడా ఇదే కదా వచ్చేది" అంది మనవరాలితో. ఎంత చక్కటి చూపు! కాకపోతే మదనపల్లె టమాటాలో ఉండేది నా దాయాది లిరియోమైజా ట్రైఫోలీ. వాడిదీ అమెరికాయే. 1970లలో ఫ్లోరిడా నుంచి చామంతి నారుతో దేశాలు దాటాడు. 1990-91 ప్రాంతంలో హైదరాబాద్ దగ్గర ఆముదం ఆకుల్లో కనబడ్డాడు. అక్కడినుంచి టమాటాకూ, పత్తికీ, చిక్కుడుకూ పాకాడు. వాడి మెలికల దారి ఆకు పైవైపు ఉంటుంది. నేను ఎక్కువగా ఈనెల వెంట, ఆకు అడుగు పొరలో నడుస్తాను.

ఇంతకంటే దగ్గరి చుట్టం ఇంకొకరు ఉన్నారు, నా పేరు పోయింది ఆ చుట్టరికం వల్లే. 1926లో అర్జెంటీనాలో బ్లాంచర్డ్ ఒక ఈగను వర్ణించి హుయిడోబ్రెన్సిస్ అన్నారు. 1951లో కెన్నెత్ ఫ్రిక్ కాలిఫోర్నియాలోని మా జాతిని వర్ణించి లాంగీ అని పేరు పెట్టారు. 1973లో కెన్నెత్ స్పెన్సర్ ఈ రెండూ ఒకటేనని తేల్చారు. ఆకు తొలిచే ఈగల గురించి ఆయనంత ఎరిగినవారు ఆ కాలంలో అరుదు. మా కుటుంబంలో జాతుల్ని విడదీయాలంటే మగ ఈగ జననాంగాన్ని మైక్రోస్కోప్ కింద పరీక్షిస్తారు. మా ఇద్దరి రూపంలో విడదీసేంత తేడా దొరకలేదు. ఆయన్ని నేను తప్పుపట్టను.

కానీ ఆ కలయిక చిన్న విషయం కాదు. 1980ల చివర్లో దక్షిణ అమెరికా ఈగ యూరప్‌కు చేరి, తర్వాత ఆసియాలోనూ పంటల్ని దెబ్బతీసింది. మేము మాత్రం సాలినాస్ లోయ లెట్యూస్, సెలరీ తోటల్లోనే ఎక్కువగా మసలుతున్నాం. ఇద్దరికీ ఒకే పేరుంటే, ఆ ఈగ రేపు కాలిఫోర్నియాలో దిగినా "ఇది ఇక్కడున్నదే కదా" అని వదిలేసే ప్రమాదం ఉంది. క్వారంటైన్ అధికారి ముందుగా చూసేది పేరునే.

2000లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన సోంజా షెఫర్ మా మైటోకాండ్రియా డీఎన్ఏ చదివారు. మరుసటి ఏడాది మాథ్యూ లూయిస్‌తో కలిసి కణకేంద్రకంలోని రెండు జన్యువులనూ పరీక్షించారు. అన్నీ ఒకే మాట చెప్పాయి. కాలిఫోర్నియా ఈగలు ఒక వంశం, మధ్య, దక్షిణ అమెరికా ఈగలు ఇంకో వంశం. కంటికి దొరకని తేడా జన్యువుల్లో దొరికింది, లాంగీ మళ్లీ లాంగీ అయింది. ఆ రోజు నా జాతి కొత్తగా పుట్టలేదు. ఎప్పుడూ ఉన్నదాన్ని మనుషులు అప్పుడు గుర్తించారు.

పెరటి రైతులకు నాదొక విన్నపం. తెల్ల గీత కనబడగానే మందు కొట్టకండి. పురుగు ఆకు పొరల మధ్య దాక్కుంటుంది, పైన పడే మందుల్లో చాలావరకు దాన్ని చేరవు. చచ్చేది డిగ్లిఫస్ అనే చిన్న బదనిక కందిరీగ. అది ఆకు మీది నుంచే మా పిల్లల్ని కుట్టి కదలకుండా చేసి, పక్కన గుడ్డు పెడుతుంది. దాని పిల్ల మా పిల్లను తినేస్తుంది. నాకు అది శత్రువే, మీ పాలకూరకు మాత్రం అంతకన్నా మంచి కాపలా లేదు. ఆకును వెలుతురుకు ఎత్తి చూడండి. లోపల పురుగు కదులుతుంటే ఆ ఆకు తుంచి, సంచిలో మూటకట్టి పారేయండి. దారి ఖాళీగా ఉంటే పురుగు బయటికి పోయినట్టే, ఇక ఆ ఆకు మీద మందు దండగ.