తారసపడితే పన్నెంత?

జీఎస్టీ మండలికి ఒక బహిరంగ లేఖ

మండలి అధ్యక్షుల వారికి, సభ్యులైన రాష్ట్రాల ఆర్థిక మంత్రులకు,
న్యూఢిల్లీ.

విషయం: అభిమాన బ్యాండు సభ్యులు దారిలో అనుకోకుండా ఎదురైతే ఆ సంతోషం మీద ఎంత శాతం పన్ను పడుతుందో తేల్చవలసిందిగా విన్నపం.

మహాశయులారా,

2024 డిసెంబరు 21న జైసల్మేర్‌లో పాప్‌కార్న్ గురించి మీరిచ్చిన వివరణ చదివాక మీ మీద నాకు గురి కుదిరింది. ఉప్పూ కారం చల్లి విడిగా అమ్మితే 5 శాతం, ప్యాకెట్లో కట్టి పేరు అచ్చేస్తే 12, పంచదార పాకం పట్టిస్తే 18. ఒక్క మొక్కజొన్న గింజలో మూడు లోకాలు చూసినవారు మీరు. 2025 సెప్టెంబరులో ఆ 12 శాతం శ్లాబునే ఎత్తేశారనుకోండి. అయినా అంతటి సూక్ష్మదృష్టి ఎక్కడికి పోతుంది? అది ఉన్నవాళ్లే విప్పగల చిక్కు ఒకటి నన్ను పీడిస్తోంది. చిత్తగించండి.

ఈ మధ్య పెద్ద పెద్ద కచేరీల్లో టికెట్టుతో పాటు ‘మీట్ అండ్ గ్రీట్’ అని ఒక ప్యాకేజీ అమ్ముతున్నారు. కొన్నవాళ్లు మెడలో కార్డు వేసుకుని వరసలో నిలబడతారు. తమ వంతు వచ్చాక గాయకుడి పక్కన నిలబడి ఫొటో దిగుతారు. ‘నెక్స్ట్’ అనగానే పక్కకు తప్పుకుంటారు. దీనికి బిల్లుంది, బిల్లు మీద పన్నుంది. ప్రభుత్వానికి రావలసింది వస్తోంది. చిక్కల్లా ఇంకో రకం జనంతోనే. వాళ్లు పాలప్యాకెట్టు కోసం వీధి చివరికి వెళ్తారు, అదే గాయకుడు కుక్కను తిప్పుతూ ఎదురొస్తాడు. టికెట్టు లేదు, బిల్లు లేదు, పైసా పన్ను లేదు. పైగా కొన్నవాళ్ల కంటే వీళ్లే ఎక్కువ మురిసిపోతారు. నిజాయితీగా డబ్బు కట్టినవాళ్లకు ఇది అన్యాయం కాదా?

ఇలాంటి కేసులు అన్ని రకాలూ ఒకేచోట దొరికేది జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్ అనే నలుగురి బ్రిటన్ బ్యాండు బీటిల్స్ చరిత్రలో. వాళ్లకు పన్నుల శాఖ కొత్తేమీ కాదు. 1966లో వచ్చిన ‘రివాల్వర్’ ఆల్బంలో మొదటి పాట ‘ట్యాక్స్‌మాన్’. బ్రిటన్‌లో అప్పటి సూపర్ ట్యాక్సు మీద ఒళ్లు మండి జార్జ్ హారిసన్ కట్టిన పాట అది. అందులో ఆనాటి ప్రధానిని, ప్రతిపక్ష నాయకుడిని పేరు పెట్టి మరీ పిలిచాడు. లండన్‌లో జరిగినదానితో మనకేం పని అంటారేమో, సేవల దిగుమతి మీద కూడా పన్నుందని చట్టంలో మీరే రాసుకున్నారు కదా! కనుక కేసులను ఒక్కొక్కటిగా తమ ముందు పెడుతున్నాను.

మొదటి రకం: కాపు కాసినవాళ్లు. 1960ల చివర్లో లండన్‌లో కొందరు అమ్మాయిలు రోజూ వంతులు వేసుకున్నట్టు మూడు చోట్ల నిలబడేవారు. యాబీ రోడ్‌లో ఈఎంఐ స్టూడియో మెట్ల దగ్గర, సెయింట్ జాన్స్ వుడ్‌లో పాల్ మెకార్ట్నీ ఇంటి గేటు దగ్గర, సావిల్ రో 3వ నంబరులో బీటిల్స్ సొంత కంపెనీ యాపిల్ ఆఫీసు ముందు. వానైనా చలైనా, లోపల రికార్డింగు తెల్లవార్లూ సాగినా కదిలేవారు కారు. వాళ్లకు ‘యాపిల్ స్క్రఫ్స్’ అని పేరు పడింది. సభ్యత్వ కార్డులు అచ్చేయించుకున్నారు, సొంత పత్రిక కూడా నడిపారు. వాళ్లకు దక్కిందల్లా కారు దిగి లోపలికి వెళ్లేలోగా ఒక పలకరింపు, ఎప్పుడైనా ఒక నవ్వు. చివరికి జార్జ్ 1970లో ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’ ఆల్బంలో వాళ్ల పేరు మీదే ఒక పాట కట్టాడు. దీన్ని అనుకోకుండా ఎదురవడం అనవచ్చా? అనుకున్నది వాళ్లు, అనుకోనిది ఆయన. ఈ రకానికి పన్ను వేసేట్టయితే వానలో నిలబడ్డ గంటలన్నిటికీ ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ ఇవ్వాలి. ఇస్తే ప్రభుత్వమే వాళ్లకు బాకీ పడుతుంది. ముందే హెచ్చరిస్తున్నాను.

రెండో రకం: తలకిందులైన లావాదేవీ. 1968 ఫిబ్రవరి 4, ఆదివారం. స్టూడియో లోపల ‘ఎక్రాస్ ది యూనివర్స్’ రికార్డింగు జరుగుతోంది. వెనక పాడడానికి ఎత్తు స్వరం పట్టగల గొంతు కావలసి వచ్చింది. ఆదివారం రాత్రి గాయనిని ఎక్కణ్ణుంచి తెస్తారు? పాల్ బయటికొచ్చి, అక్కడ కాపు కాస్తున్న అమ్మాయిలనే అడిగాడు. బ్రెజిల్ నుంచి వచ్చిన 16 ఏళ్ల లిజీ బ్రావో, లండన్ అమ్మాయి 17 ఏళ్ల గేలీన్ పీజ్ లోపలికెళ్లి బీటిల్స్‌తో కలిసి పాడారు. ఆ రికార్డింగు 1969 డిసెంబరులో వన్యప్రాణి నిధి కోసం తెచ్చిన ఆల్బంలో వెలువడింది. ఇక్కడ సేవ చేసింది అభిమానులు, పొందింది బీటిల్స్. కాబట్టి రివర్స్ ఛార్జ్ పద్ధతిలో పన్ను మెకార్ట్నీ కట్టాలి, నోటీసు లండన్‌కు పంపండి. ఇంకో మెలిక కూడా ఉంది. 1970లో ‘లెట్ ఇట్ బి’ ఆల్బం కోసం ఫిల్ స్పెక్టర్ అదే పాటను మళ్లీ మలిచినప్పుడు ఆ ఇద్దరి గొంతులూ తీసేశాడు. అంటే సరుకు వాపసు అయినట్టు. క్రెడిట్ నోటు ఎవరు ఎవరికి ఇవ్వాలో తమరే సెలవివ్వాలి.

మూడో రకం: వెతకనివాడికి దొరికినది. ఇది మన దేశంలోనే జరిగింది కనుక పరిధి గురించి తగవు లేదు. అదే 1968 ఫిబ్రవరిలో బీటిల్స్ రిషికేశ్‌లో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి వచ్చారు. పత్రికలవాళ్లు గేటు బయట పడిగాపులు పడుతున్నారు. అక్కడికే పాల్ సాల్ట్‌జ్‌మన్ అనే కెనడా కుర్రాడు వచ్చాడు. సినిమా పని మీద ఇండియాకు వచ్చినవాడికి ఇంటి దగ్గర ప్రేమించిన అమ్మాయి వదిలేసినట్టు ఉత్తరం అందింది. ధ్యానం నేర్చుకుంటే మనసు కుదుటపడుతుందేమోనని ఆశ్రమానికి చేరితే, బీటిల్స్ ఉన్నారు, లోపలికి రానివ్వం అన్నారు. బయట గుడారంలో రోజుల తరబడి ఉండి, లోపలికి రానిచ్చాక వాళ్ల బల్ల దగ్గరే కూర్చుని కబుర్లాడాడు, అడిగి ఫొటోలు తీశాడు. తర్వాత ఆ ఫొటోలను పెట్టెలో పడేసి ఏళ్ల తరబడి మర్చిపోయాడు. అవి పుస్తకమై వెలువడింది 2000లో. రాసిపెట్టి ఉంటే అలా ఉంటుంది మరి. మూడు దశాబ్దాలు పెట్టెలో పెరిగిన ఈ ఆస్తి ఆదాయపు పన్ను వారికి చెందుతుందో, మీకు చెందుతుందో మీరూ మీరూ తేల్చుకోండి.

నాలుగో రకం: దొడ్డిదారి. పాల్ ఊళ్లో లేనప్పుడు కొందరు అభిమానులు నిచ్చెన వేసుకుని స్నానాలగది కిటికీలోంచి అతని ఇంట్లోకి దూరారు. బట్టలు, ఫొటోలు పట్టుకుపోయారు. ఇది కలుసుకోవడం కిందికి రాదు, పోలీసు కేసు కిందికి వస్తుంది. ఆయన మాత్రం దాన్ని కూడా పాట చేసుకుని 1969లో ‘యాబీ రోడ్’ ఆల్బంలో పెట్టాడు. నష్టపోయినవాడు తన పరిహార సెస్సు తానే వసూలు చేసుకున్నాడు కనుక ఫైలు మూసేయవచ్చు.

అయిదో రకం: దారిన పోయేవాళ్లు. 1969 జనవరి 30, మధ్యాహ్న భోజనం వేళ. సావిల్ రోలో దర్జీ దుకాణాలవాళ్లు, గుమాస్తాలు తిండికి బయటికొస్తే నెత్తి మీద నుంచి పాట వినబడింది. యాపిల్ ఆఫీసు మేడ మీద నలుగురూ వాయిస్తున్నారు. 42 నిమిషాలు. గోల భరించలేమని ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తే పోలీసులు మేడెక్కారు. బీటిల్స్ నలుగురూ జనం కోసం కలిసి వాయించడం అదే ఆఖరు. కింద నిలబడ్డవాళ్లలో చాలామందికి వాళ్లు కనబడనైనా లేదు. ఇలాంటిది మనకూ జరిగింది. ఎడ్ షీరన్ బ్యాండు సభ్యుడు కాదు, ఒంటరి గాయకుడు. 2025 ఫిబ్రవరి 9న బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో ఫుట్‌పాత్ మీద గిటారుతో పాట అందుకున్నాడు. కాస్సేపటికే ఒక కానిస్టేబుల్ వచ్చి మైకు తీగ పీకేశాడు. అనుమతి లేదని పోలీసులు, ఉందని షీరన్. ఆ సాయంత్రం కచేరీలో శిల్పా రావుతో కలిసి ‘దేవర’ సినిమాలోని ‘చుట్టమల్లే’ను తెలుగులోనే పాడాడు. సాయంత్రం విన్నవాళ్ల దగ్గర టికెట్టుంది, పొద్దున విన్నవాళ్ల దగ్గర ఏముంది? పన్ను ఎగవేత జరిగినచోటే తీగ పీకిన ఆ కానిస్టేబుల్‌ను మీ శాఖలోకి తీసుకోవలసిందని నా సిఫారసు.

ఇక్కడిదాకా నవ్వుతూ వచ్చాను. తర్వాతి కేసుకు రేటు అడగను. 1980 డిసెంబరు 8 సాయంత్రం న్యూయార్క్‌లో తాను ఉండే డకోటా భవనం బయట జాన్ లెనన్ ఒక అభిమానికి ‘డబుల్ ఫాంటసీ’ రికార్డు మీద సంతకం చేసి ఇచ్చాడు. రాత్రి ఇంటికి తిరిగి వచ్చేసరికి అదే మనిషి అక్కడే కాచుకుని ఉండి కాల్చి చంపాడు. పేరున్న సంగీతకారుల చుట్టూ కాపలా గోడలు పెరిగాయంటే వాళ్లను తప్పుపట్టే ముఖం మనకు లేదు. అభిమాని అనే మాట మీద నమ్మకం పోగొట్టింది అభిమాని వేషంలో వచ్చినవాడే.

నా అభ్యంతరం గోడల మీద కాదు, ఆ గోడలకు తలుపు చేసి, తలుపుకు ధర కట్టి, లోపల దొరికేదాన్ని ‘కలుసుకోవడం’ అని పిలవడం మీద. పైన చెప్పిన కేసులు మరోసారి చూడండి. జార్జ్ పాట కట్టాడంటే ఆ అమ్మాయిలను గమనించాడు. పాల్‌కు లిజీ గొంతుతో పని పడింది. మనసు విరిగి వచ్చిన కుర్రాడు అందరితో పాటు బల్ల దగ్గర కూర్చున్నాడు. ఈ మూడింటిలోనూ రెండు వైపుల నుంచీ చూపు ఉంది. ప్యాకేజీలో చూసేది కొన్నవాడొక్కడే. అవతలి మనిషి చూసేది కెమెరాను. సంగీతకారులకూ ఈ తేడా తెలుసు. ఉత్తరాల మీద సంతకాలు చేసి చేసి విసిగిన రింగో స్టార్, 2008 అక్టోబరు 20 తర్వాత వచ్చేవాటిని చెత్తబుట్టలో వేస్తానని వీడియోలో ప్రకటించాడు, మీ శాఖ కూడా అంత కచ్చితంగా గడువు పెట్టి ఎరగదు. పాల్ అయితే సెల్ఫీ ఇవ్వనని, కావాలంటే కాసేపు మాట్లాడుకుందామని అభిమానులతో అంటుంటాడు. బిల్లు వేయడానికి పనికొచ్చేదాన్ని వద్దని, పనికిరానిదాన్ని ఇస్తున్నాడు.

చివరి రకం: ఎవరూ ఎదురుకాకపోయినా కలిసొచ్చేవాళ్లు. 1969 ఆగస్టు 8న నలుగురూ యాబీ రోడ్ జీబ్రా దాటుతుండగా, పోలీసు ట్రాఫిక్ ఆపితే, ఇయాన్ మెక్‌మిలన్ నిచ్చెనెక్కి పది నిమిషాల్లో ఆరు ఫొటోలు తీశాడు. 2010 డిసెంబరులో ఆ జీబ్రా గీతలకు బ్రిటన్ ప్రభుత్వం వారసత్వ కట్టడం హోదా ఇచ్చింది. జాన్ లేడు. 2001 నవంబరులో జార్జ్ కూడా పోయాడు. అయినా నలుగురేసి చొప్పున జనం అక్కడికొచ్చి, కార్లవాళ్లు హారన్ కొడుతున్నా లెక్కచేయకుండా, ఒకరి వెనక ఒకరు రోడ్డు దాటుతూనే ఉన్నారు. మన హైదరాబాదు, విజయవాడ నుంచి వెళ్లినవాళ్లూ ఉంటారు. అక్కడ టికెట్టు లేదు. దీన్ని సున్నా శాతం కింద రాసుకోండి.

కాబట్టి నా ప్రార్థన ఇది. ధర తీసుకుని ఇచ్చినదాని మీదే పన్ను అని చట్టం అంటోంది. దారిలో ఎదురైన మనిషి ధర తీసుకోడు. అందువల్ల తారసపడడాన్ని ఏ శ్లాబులోనూ చేర్చకండి, దాని కోసం కమిటీ కూడా వేయకండి. ప్యాకేజీలు అమ్మేవాళ్లకు మాత్రం ఒక ఆదేశం ఇప్పించండి. బిల్లులో సరుకు పేరు ఉన్నది ఉన్నట్టు రాయాలి. ‘కలుసుకోవడం’ అని కాక ‘ఫొటో సౌకర్యం, నిలబడి’ అని. సరుకు ఒకటి, పేరు ఇంకొకటి అయితే జరిమానా వేసే అధికారం మీకు ఎటూ ఉంది. అది ఇక్కడ వాడండి.

ఇట్లు,
పై రకాల్లో ఒక్కదాని కిందికీ రాని,
అందువల్ల ఏ బకాయీ లేని
ఒక బీటిల్స్ అభిమాని,
హైదరాబాదు.