చలికాలం మారథాన్: ఇంటిల్లిపాదికీ శిక్షణ

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. ఈ చిల్లర ఎక్కడిదో తెలిస్తే పరుగునీ సంసారాన్నీ ఒకేసారి ఎలా లాక్కురావాలో సగం అర్థమైపోతుంది. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగు విండ్సర్ కోట దగ్గర మొదలై, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటి ఎదుట ముగిసేలా దారి గీశారు. కొలిస్తే 26 మైళ్ళ 385 గజాలు తేలింది. 1921లో అదే లెక్క ఖాయం చేశారు. అంటే ఒక ఇంటివాళ్ళ వీలు చూసి మారథాన్ ఒకసారి సర్దుకుంది. దాని వంతు అయిపోయింది. ఇక సర్దుకోవలసింది మీ ఇంటివాళ్ళే.

పందెం విషయానికొస్తే, హైదరాబాద్‌లోనూ మారథాన్ ఉంది గాని అది ఆగస్టులో, ముసురు రోజుల్లో. చలికాలం రన్నర్ల చూపంతా ముంబయి మీదే. దాన్ని జనవరి మూడో ఆదివారం పెడతారు. మూడో ఆదివారమంటే 15కీ 21కీ మధ్య ఏదో ఒక రోజు. సంక్రాంతేమో 14నో 15నో. ఈ తేదీ పెట్టినవాళ్ళకి గోదావరి జిల్లాలో అత్తగారిల్లు లేదని దీన్నిబట్టే చెప్పొచ్చు. పదహారు వారాల శిక్షణ అనుకుంటే దసరా రోజుల్లో మొదలుపెట్టి, కార్తీకంలో వనభోజనాలు, మార్గశిరంలో పెళ్ళిళ్ళు, ధనుర్మాసంలో ప్రసాదాలు, డిసెంబరు 31 రాత్రి కేకులు, ఇవన్నీ దాటుకుని చివరికి అరిసెల మీదికి వచ్చి పడాలి. భయపడకండి. కింది సలహాలు తు.చ. తప్పకుండా పాటించండి.

ముందు అలారం. నాలుగింటికి ఒకటి, నాలుగుంబావుకి ఒకటి, నాలుగున్నరకి ఒకటి పెట్టండి. ఫోను మీ తల దగ్గర కాదు, మంచానికి అవతలివైపు, మీ ఆవిడ తల దగ్గర ఛార్జింగులో ఉండాలి. మొదటి మోతకి ఆవిడ లేస్తుంది. రెండో మోతకి పిల్లలు లేస్తారు. మూడోదానికి మీరు దుప్పటి ఇంకాస్త పైకి లాక్కుని "టైమెంతయింది?" అని అడగండి. క్రమశిక్షణ అనేది ఇలా ఇంటిల్లిపాదికీ అలవడుతుంది. బట్టలు, బూట్లు రాత్రే తీసి తలుపు దగ్గర పెట్టుకుంటే ఎవరినీ లేపకుండా వెళ్ళిపోవచ్చని కొందరు చెబుతారు. అలా వెళ్తే మీరు వెళ్ళినట్టు ఎవరికి తెలుస్తుంది? హాల్లో ట్యూబులైటు వేసి, అలమరలో సాక్స్ రెండోది వెతుకుతూ "ఇక్కడే పెట్టానే" అని గట్టిగా అనండి.

నల్ల టీషర్టు, నల్ల ప్యాంటు, నల్ల టోపీ వేసుకోండి. లైటు పడితే మెరిసే పట్టీలున్న చొక్కా రోడ్లు ఊడ్చే మునిసిపాలిటీ వాళ్ళకి కదా, మనకెందుకు? చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి సౌండు పూర్తిగా పెంచితే వెనకనుంచి వచ్చే లారీ గాని, సందు మొదట్లో పడుకున్న వీధికుక్కల గుంపు గాని మీ ఏకాగ్రతని చెడగొట్టవు. కుక్క వెంటపడితే ఆగి నెమ్మదిగా నడవాలట. ఇంటర్వల్ ట్రెయినింగ్‌కి ఇంత చక్కని అవకాశం ఊరికే వదులుకుంటామా?

చలికి కండరాలు బిగుసుకుని ఉంటాయి కాబట్టి మొదటి పది నిమిషాలు నడకతో, మెల్లని పరుగుతో ఒళ్ళు వేడి చేసుకోమంటారు. వాచీకి జీపీఎస్ దొరికింది కదా, ఇంకా నడకేమిటి? మొదటి కిలోమీటరే అన్నిటికంటే వేగంగా పోవాలి. ఎందుకంటే గ్రూపులో అందరూ చూసేది ఆ ఒక్క కిలోమీటరే. ఆదివారం లాంగ్ రన్ పక్కవాడితో కబుర్లు చెప్పగలిగినంత నెమ్మదిగా సాగాలనే మాట కూడా వినే ఉంటారు. నెక్లెస్ రోడ్డు మీద తెల్లవారుజామున చూడండి, నిజంగానే కొందరు ఈఎంఐల గురించి, పిల్లల ఎప్‌సెట్ ర్యాంకుల గురించి మాట్లాడుకుంటూ పరిగెడుతుంటారు. మూడు గంటలైనా వాళ్ళ మాటలు ఆగవు, కాళ్ళూ ఆగవు. అలాంటివాళ్ళని దాటేసి వెళ్ళి, రెండు కిలోమీటర్ల తర్వాత చెట్టు పట్టుకుని వంగి నిలబడటంలో ఉన్న హుందాతనం వేరు.

వారానికి పదో వంతుకి మించి దూరం పెంచవద్దని కోచ్‌లు అరిచి గీపెడతారు. మార్గశిరంలో బాబాయిగారి అబ్బాయి పెళ్ళి, వెంటనే ఆఫీసులో ఇయరెండ్ రిపోర్టులు, రెండు వారాలు పరుగు లేదనుకోండి. ఆ బాకీ మూడో వారంలో వడ్డీతో సహా తీర్చేయండి. మోకాలికి ఈ సర్దుబాటు తెలియదు, కాబట్టి అది కొంత నసుగుతుంది. నసిగినప్పుడు వారం విశ్రాంతి ఇస్తే మూడు నెలల పని నిలబడుతుంది. ఇవ్వకపోతే జనవరి దాకా ఆర్థోపెడిక్ డాక్టరుగారి వెయిటింగ్ హాల్లో కూర్చుని మారథాన్ పుస్తకాలు చదువుకోవచ్చు. చదువు ఎప్పుడూ మంచిదే.

ఇక తిండి. ఇక్కడ మనవాళ్ళు చాలా వెనకబడి ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

కిలో బరువుకి కిలోమీటరుకి సుమారు ఒక కేలరీ చొప్పున ఖర్చవుతుంది. అరవై కిలోల మనిషి మారథాన్ మొత్తం పరిగెడితే రెండున్నర వేల కేలరీలు. ఒంట్లో గ్లైకోజెన్‌గా దాచుకున్న పిండిపదార్థం ఇంచుమించు రెండువేల కేలరీలకి మించదు. అందుకే ముప్పై కిలోమీటర్లు దాటాక చాలామందికి కాళ్ళు సీసం పోసినట్టు అయిపోతాయి. రన్నర్లు దాన్ని ‘గోడ’ అంటారు. దారిలో గంటగంటకీ కొంచెం కొంచెం తింటూ తాగుతూ పోవడమూ, ఆ అలవాటు శిక్షణలోనే చేసుకోవడమూ దీనికి మందు. మనం నేర్చుకోవలసిన పాఠం వేరు. పరిగెత్తితే కేలరీలు పోతాయి, అంతే. కాబట్టి ఐదు కిలోమీటర్లు పరిగెత్తి, అంటే మూడువందల కేలరీలు ఖర్చుపెట్టి, నేరుగా టిఫిన్ సెంటర్ దగ్గర ఆగండి. నెయ్యి కారం పెసరట్టు ఉప్మా, పైన రెండు వడలు, చివర ఇరానీ చాయ్, దానికి తోడు ఉస్మానియా బిస్కెట్లు. ఎవరైనా అడిగితే ‘రికవరీ’ అనండి. ఇంటికి వెళ్ళి "నాకేం వద్దు, డైటింగులో ఉన్నాను" అని ఇడ్లీ ప్లేటు పక్కకి తోసేయండి.

చలికాలంలో ఈ నేల మనకి ఇచ్చేవాటి జోలికి మాత్రం పోకండి. సందు చివర బండి మీద ఆవిరి కక్కుతూ ఉడికిన చిలగడదుంపలు అమ్ముతాడు. పిండిపదార్థం, పొటాషియం, తేలికగా అరిగే గుణం, లాంగ్ రన్‌కి ముందురోజు సాయంత్రం తినడానికి దానికంటే చవకైనది దొరకదు. కాని దానికి ప్యాకెట్టూ లేదు, ప్యాకెట్టు వెనక పట్టికా లేదు. నమ్మేదెలా? ధనుర్మాసంలో తెల్లవారకముందే గుళ్ళో దొన్నెలో పెట్టే కట్టెపొంగలిలో బియ్యం, పెసరపప్పు, మిరియాలు, నెయ్యి ఉంటాయి. పరుగు ముగించుకుని గంటలోపు తినడానికి పిండి, మాంసకృత్తులు రెండూ కావాలని పుస్తకాల్లో రాసేది సరిగ్గా ఇదే. ప్రసాదం కాబట్టి దాన్ని భక్తుల కోటాకి వదిలేసి, మీరు ఇంటికొచ్చి చాక్లెట్ రుచి ప్రొటీన్ పొడి కలుపుకోండి. షేకర్ మూత బిగించకుండా ఊపండి. గోడ మీద మరకలు ఇంట్లోవాళ్ళు తుడుస్తారు.

అన్నంతో పాటే టీ తాగితే భోజనంలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. చలి కదా, తాగండి. చలిలో దాహం వేయదు కాబట్టి నీళ్ళూ అక్కర్లేదు. చెమట పడుతూనే ఉంటుందంటారు గాని, ఆరిపోయిన చెమటని ఎవరు చూశారు?

వంటింట్లో కనీసం మూడు పొయ్యిలు వెలగాలి. పిల్లల లంచ్‌బాక్సులకి ఒకటి, నాన్నగారి పథ్యానికి ఒకటి, మీ తెల్లసొన ఆమ్లెట్‌కి, జొన్నరొట్టెకి, క్వినోవాకి ఒకటి. జొన్నరొట్టె చేత్తో తట్టడం కష్టమే. అయినా మీరు పరిగెడుతున్నది ఎవరి కోసం? కుటుంబం ఆరోగ్యం కోసమే కదా.

ఈ సలహాలు మగవాళ్ళకే రాసినట్టున్నాయే అని అడగవచ్చు. పరిగెత్తే ఆడవాళ్ళు తక్కువేమీ లేరు. వాళ్ళు నాలుగింటికి లేచి, రాత్రే రుబ్బి పెట్టుకున్న పిండి బయటపెట్టి, పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తి వచ్చి, చెమట బట్టలతోనే ఇడ్లీ పాత్ర ఎక్కిస్తారు. అలాంటివాళ్ళకి సలహాలు ఇచ్చే స్థాయి నాకింకా రాలేదు.

చివరి రెండుమూడు వారాలు దూరం తగ్గించి కాళ్ళకి తెరిపి ఇవ్వాలని నియమం. అదే సమయానికి సంక్రాంతికి అత్తారింటికి ప్రయాణం. భోగి తెల్లవారుజామున చలిగాలి నేలకి అంటుకుని ఉంటుంది, పొగ పైకి పోదు. సరిగ్గా అప్పుడే, మంటల్లో ఎవరో పాత టైరు కూడా వేశాక, కాలవ గట్టు మీద పదిహేను కిలోమీటర్లు బయల్దేరండి. ఊపిరితిత్తులకి కూడా శిక్షణ కావాలి. బావమరుదులు ముగ్గురూ బైకు మీద పక్కనే వస్తూ "బావా, ఇంకా లాగు!" అంటారు. లాగండి.

తిరిగొచ్చేసరికి వంటసాల ముందు అరిసెలు వండుతుంటారు. పాకం పట్టిన చలిమిడి ఉండ, అరిటాకు మీద వేళ్ళతో ఒత్తి, మూకుట్లోకి జారవిడవడం, పొంగి తేలగానే తీసి రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కడం. నూనె ధారగా కిందికి కారుతుంది, అయినా అరిసెలో ఉండవలసింది ఉంటూనే ఉంటుంది. పందేనికి రెండుమూడు రోజుల ముందు కిలో బరువుకి ఎనిమిది నుంచి పది గ్రాముల పిండిపదార్థం తీసుకోవాలన్నది శాస్త్రం. నూనె, పీచు తక్కువగా ఉండాలన్నది కూడా శాస్త్రమే గాని, పండగపూట అంత శాస్త్రం పనికిరాదు. అరిసె అంటే బియ్యం, బెల్లం. రెండూ పిండిపదార్థాలే. నూనె సంగతి చెక్కలు చూసుకుంటాయి.

"అల్లుడుగారూ, ఇలా చిక్కిపోయారేంటండీ? మా అమ్మాయి సరిగ్గా పెట్టట్లేదా?" అని అత్తగారు అడుగుతారు. ఇక్కడ జాగ్రత్త. మారథాన్ అనకండి, శిక్షణ అనకండి. మీ ఆవిడ వైపు ఒక్కసారి చూసి, నవ్వీ నవ్వనట్టు తల వంచుకోండి. పదహారు వారాలు నాలుగింటికి లేచిన మనిషి ఆ ఒక్క చూపుకి ఏమంటుందో నేను చెప్పను, తిరుగు ప్రయాణంలో పంతంగి టోల్‌గేటు దగ్గర కారు కదలని గంటన్నరలో మీకే తెలుస్తుంది.

కనుమనాడు కాకి కూడా కదలదంటారు. కదలకండి. పందెం రోజు పొద్దున నంబరు ఇవ్వరు, ముందే ముంబయిలో చేతికి తీసుకోవాలి. అయినా కనుమ మాంసం వదిలి ఎవరు వెళ్తారు? శనివారం హడావుడిగా వెళ్ళి, ఎగ్జిబిషన్‌లో నాలుగు గంటలు నిలబడి తిరిగి, అక్కడే కొత్త బూట్లు కొనండి. మర్నాడు వాటితోనే పరిగెత్తండి. హైదరాబాద్ డిసెంబరు చలిలో సాధన చేసిన ఒంటికి ముంబయి ఉక్క తగిలితే ఏమవుతుందో అనే భయం వద్దు. తొమ్మిదింటికల్లా ఎండ మీకు స్వయంగా వివరిస్తుంది. నొప్పి మాత్ర ముందుగానే వేసుకోవడం మూత్రపిండాలకి చేటని డాక్టర్లు అంటారు, నిజమే. కాబట్టి మాత్ర సంగతి డాక్టరుకి చెప్పకండి.

చివరి పది కిలోమీటర్లలో పెడ్డర్ రోడ్డు ఎక్కుడు వస్తుంది. మీ ఆవిడని, పిల్లలని అక్కడ నిలబెట్టండి. అట్టముక్క మీద మీ పేరు రాసి పట్టుకోవాలి, అరటిపండు ఒలిచి సిద్ధంగా ఉంచాలి, ఫోటో తీయాలి, మీరు వచ్చే సమయం మీరు చెప్పినదానికంటే గంట ఆలస్యమైనా కదలకూడదు. ఇన్ని వారాల శిక్షణ వాళ్ళకి ఇక్కడే పనికొస్తుంది.

పూర్తి చేశాక పతకం ఇస్తారు. ఇంటికి తెచ్చి అందరికీ చూపించండి, మెడలో మాత్రం మీరే వేసుకోండి. తలా ఒకటి కాదు, నంబరుకి ఒక్కటే ఇస్తారు.